పెద్దమ్మ చెప్పిన ఆలి

మా జేజి నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని తల దువ్వుతా, ఇంటికొచ్చిన వాళ్ళకంతా "మా పాప కండ్లు చూడండమ్మా, ఆల్చిప్పల మాదిరి" అని చెప్పేది. అది మెప్పు అని నాకు చాన్నాళ్ళు తెలీదు. మా ఇంట్లో ఆల్చిప్ప అంటే వంటింటి గూట్లో ఉప్పుజాడీ వెనక ఉండే పాత చిప్ప. ఎండాకాలం ఊరగాయలు పెట్టేటప్పుడు తప్ప దాని మొహం ఎవరూ చూసేవాళ్ళు కాదు.

ఆ చిప్ప జేజి తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. చంద్రగిరికి అవతల, స్వర్ణముఖి పక్కన ఒక పల్లె. అక్కడి చెరువు ఎండితే బురదలో ఇలాంటివి దొరికేవంట. అరచేయంత పొడవు, బయట పాచిరంగు, లోపల తెల్లగా తళతళ. జేజి దాని వీపును బండమీద నీళ్ళు చల్లి రోజుల తరబడి రుద్ది, మధ్యలో పావలా బిళ్ళంత చిల్లు తెచ్చింది. ఆ చిల్లు అంచే కత్తి. చిప్ప వీపును పచ్చి మామిడికాయకు ఆనించి కిందికి లాగితే, తొక్క సన్నటి పేలికగా ఆ చిల్లులోంచి పైకొచ్చి చిప్ప గుంటలో చుట్టచుట్టుకునేది. సర్రు సర్రుమని ఒక శబ్దం. బుట్టెడు తోతాపురి కాయలు ముందర పోసుకుని జేజి, అమ్మ, ఎదురింటి అత్త కూచుంటే మధ్యాహ్నమంతా మా నడవలో ఆ శబ్దమే. "కత్తిపీట అయితే కండ కూడా పోతాది. చిప్పకు తొక్క ఒకటే పోతాది" అనేది జేజి. ఆమె పోయి ఇరవై ఏళ్ళు దాటింది. చిప్ప ఇప్పుడు నా దగ్గరే ఉంది. చిల్లు కాస్త పెద్దదయింది, అంతే.

దాని పక్కనే ఇంకో చిప్ప పెట్టుకున్నాను. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారంటే చూసినవాళ్ళు నమ్మరు. రెండోది పెద్దమ్మ ఇచ్చింది. గరుగ్గా, వంకరగా, పొరలు పొరలుగా ఉంటుంది. ఇంటి గోడ నుంచి ఊడిన పెళ్ళ అనుకుంటారు. తిరగేస్తే మాత్రం లోపల పాలమీగడలాంటి తెలుపు, దాంట్లో ఒకపక్క చిక్కుడు గింజ ఆకారంలో ఊదారంగు మచ్చ. నేను ఇప్పుడు రాయబోయేది ఆ మచ్చ ఉన్న చిప్ప గురించి.

పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. పెదనాయన తడ దగ్గర, పులికాట్ ఒడ్డున ఒక ఊళ్ళో బడిపంతులు. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే నన్నూ తమ్ముణ్ణీ అక్కడికి పంపేవాళ్ళు. తిరుపతి బస్టాండులో ఎక్కితే శ్రీకాళహస్తి, అక్కడ దిగి ఇంకో బస్సు, వరదయ్యపాళెం మీదుగా తడ. తడ నుంచి పెదనాయన సైకిలు. ముందు తమ్ముడు, వెనక నేను, హ్యాండిల్‌కు అమ్మ పంపిన ఊరగాయ జాడీ. అప్పట్లో మాది చిత్తూరు జిల్లా, వాళ్ళది నెల్లూరు జిల్లా. ఎంతో దూరదేశం పోయినట్టు ఉండేది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక తడ, సూళ్ళూరుపేట కూడా మా జిల్లాలోకే వచ్చాయి. తిరుపతి జిల్లాకు సముద్రం ఉందంటే ఇప్పటికీ కొందరు ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ సముద్రం ఎప్పుడూ మా పెద్దమ్మ ఇంటి వెనకాలే ఉంది.

నిజానికి వెనకాల ఉన్నది సముద్రం కాదు, పులికాట్ సరస్సు. పాతవాళ్ళు ప్రళయకావేరి అంటారు. ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత మన దేశంలో పెద్దది ఇదే. సముద్రానికీ దానికీ మధ్య శ్రీహరికోట దీవి పొడుగ్గా అడ్డం పడుకుని ఉంటుంది. నీళ్ళు చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండవు. పొద్దున్నే నిలబడి చూస్తే నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. పడవలు గాల్లో నిలబడినట్టు ఉండేవి.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. పెద్దమ్మ పెరట్లో వేపచెట్టు కింద పక్కింటక్క ఒక గంప దించింది. గంపనిండా తడిరాళ్ళు.

"పెద్దమ్మా, రాళ్ళెందుకు?"

"రాళ్ళు కావే, ఆలి."

ఆలి అంటే నాకు తెలిసింది ఒకటే. బళ్ళో ఆలుమగలు, ఆలుబిడ్డలు అని చదువుకున్నాం. ఈ రాళ్ళు ఎవరి ఆలి? అదే అడిగాను. పక్కింటక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. గంపలోంచి ఒకటి తీసి నా రెండు చేతుల్లో పెట్టింది. బరువుగా, చల్లగా ఉంది. దాని మీద బురద, పాచి, గోటంత పిల్లచిప్పలు నాలుగైదు.

"చూడు, దీనికి రెండు చిప్పలు. కింద గుంటగా ఉండాదే, అది రాయిని కరుచుకోని ఉంటాది. జన్మలో వదల్దు. అది ఆలి. పైన పలకగా మూత మాదిరి ఉండేది మొగుడు. తెరిచేదీ మూసేదీ వాడి పని. పట్టుకోని ఉండేది ఆమె పని."

నులకమంచం మీద పేపరు చదువుకుంటున్న పెదనాయన తల ఎత్తి, "అరవంలోనూ దాన్ని ఆళి అనే అంటారు. మీ పెద్దమ్మ కథలు నమ్మబాక" అన్నాడు.

"అరవమోళ్ళకు మాత్రం పెండ్లాలు లేరా?" అంది పెద్దమ్మ.

తర్వాత ఎన్నో పుస్తకాలు చూశాను. ఈ ప్రాణి పేర్ల జాబితాలో తెలుగు పక్కన ఆలిచిప్ప అని, తమిళం పక్కన ఆళి అని ఉంటుంది. పెద్దమ్మ చెప్పిన అర్థం ఎక్కడా లేదు. అయినా ఆ చిప్ప చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆమె మాటే.

ఆ రోజు వాళ్ళు దాన్ని వండిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందర ఉంది. ముందు బావి దగ్గర కొబ్బరిపీచుతో రుద్ది మూడు నాలుగు నీళ్ళు కడిగారు. పెద్దమ్మ ఒక్కొక్కదాన్నే తీసి వేలితో తట్టేది. నోరు మూసుకున్నవి ఒక పక్క, నోరు తెరిచి ఉండి తట్టినా మూసుకోనివి ఇంకో పక్క. "ఇది చచ్చింది. దీన్ని తింటే మనమూ దాని ఎనకే" అని విసిరేసేది. తర్వాత మూడు రాళ్ళ పొయ్యి మీద వెడల్పాటి మట్టిచట్టి, అడుగున చారెడు నీళ్ళు, పైన ఆలి, దానిమీద మూత. కాసేపటికి లోపల టపటపమని శబ్దం. మూత తీస్తే అన్నీ సన్నగా నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఆ సందులో పొట్టి కత్తి దూర్చి, మూతచిప్పకు అంటుకున్న కండను కోస్తే, లోపల మెత్తగా, బూడిదరంగు తెలుపులో, అంచుకు నల్లటి కుచ్చులతో చిన్న ముద్ద. దాని కింద ఒక చుక్క ఉప్పునీళ్ళు. సముద్రం వాసన అంటే ఏమిటో నాకు ఆ చుక్క దగ్గరే తెలిసింది.

చిన్నుల్లిపాయలు, వెల్లుల్లి, కరివేపాకు, మిరియాలు దంచిన పొడి. నూనెలో అవి వేగాక ఆ ముద్దలు వేసి, నీళ్ళు ఇంకేదాకా కదిలించింది. చివర్లో అమ్మ పంపిన తోతాపురి కాయ ముక్కలు నాలుగు పడేసింది. రాగిసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి అందులో ఆ వేపుడు పెట్టి "తిను" అంది. మొదటి ముద్ద భయంగా తిన్నాను. చేప కాదు, రొయ్య కాదు. కొంచెం కాలేయం మాదిరి, కొంచెం తీపి, చివర్న ఉప్పు. రెండో ముద్దకు భయం పోయింది. తమ్ముడు తినలేదు. వాడి వాటా కూడా నేనే తిన్నాను.

పచ్చిగా తినేవాళ్ళు ఉంటారని పెదనాయన చెప్పాడు. దొరలు నిమ్మకాయ పిండుకుని అట్లే మింగుతారంట. పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఆమె చెప్పిన కారణం ఎంత సరైందో జువాలజీ చదివాక గానీ నాకు తెలీలేదు. "అది కూచున్న చోటే నీళ్ళు తాగి నీళ్ళు వదుల్తాది. నీళ్ళలో ఏముంటే అది దాని కడుపులోకి పోతాది. నిప్పు తగలందే నోట్లో పెట్టగూడదు." అంతే. ఈ జాతి ప్రాణులు గంటకు లీటర్ల కొద్దీ నీళ్ళు మొప్పల్లోంచి వడగట్టి అందులోని కంటికి కనపడని నాచు తింటాయి. నీళ్ళలో మురికి ఉంటే దాంట్లోని సూక్ష్మజీవులు కూడా లోపల పోగవుతాయి. అందుకే పెంపకం చేసేచోట అమ్మకానికి ముందు మంచినీటి తొట్లలో కాకుండా శుభ్రం చేసిన ఉప్పునీటి తొట్లలోనే ఉంచి కడుపు ఖాళీ చేయిస్తారు.

మరుసటి ఏడు పక్కింటక్క వాళ్ళ పడవలో మమ్మల్ని కూడా తీసుకుపోయారు. ఆలి దొరికేది మా వైపు కాదు, దక్షిణంగా పళవేర్కాడు దగ్గర, సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం పక్కన. తెల్లవారుజామున బయల్దేరాం. అమావాస్య దాటిన మర్నాడు. ఆ రోజుల్లో ఆటు బాగా లోతుకు దిగుతుందని, అప్పుడే బండలు బయటపడతాయని అక్క చెప్పింది. నీళ్ళు వెనక్కి తీస్తుంటే నల్లటి దిబ్బలు ఒక్కొక్కటే వీపులు చూపించాయి. దగ్గరికి పోతే అవి దిబ్బలు కావు. చిప్పమీద చిప్ప, దానిమీద ఇంకో చిప్ప, వందలూ వేలూ ఒకదాన్నొకటి కరుచుకుని గట్టిపడిపోయి ఉన్నాయి. అక్క చీరకొంగు బిగించి, కాళ్ళకు పాత గుడ్డలు చుట్టుకుని దిగింది. చిప్పల అంచులు బ్లేడు మాదిరి ఉంటాయి. చేతిలో ఉలి లాంటి ఇనపముక్క, ఒక రాయి. గుత్తి మొదట్లో ఉలి పెట్టి రాయితో ఒక్క దెబ్బ. చిన్నవి ఊడితే వాటిని మళ్ళీ నీళ్ళలోకే వేసేసింది. "ఇవి వచ్చే ఏటివి" అంది.

ఆ రోజు నా కాలికి ఒకటి తెగింది. మడమ పక్కన ఆ గీత ఇప్పటికీ ఉంది. ఉప్పునీళ్ళు తగిలి నేను ఏడుస్తుంటే, అక్క తన నోట్లో నములుతున్న తమలపాకు ముద్ద తీసి దానిమీద ఒత్తి గుడ్డ కట్టింది. పడవలో కూచోబెట్టి, ఏడుపు మరిపించడానికి అనుకుంటాను, పగిలిన సీసాముక్క ఒకటి ఇచ్చింది. దానిమీద కందిగింజంత చిప్పలు ఏడో ఎనిమిదో అతుక్కుని ఉన్నాయి. "ఇవి ఆలి పిల్లలు. నీళ్ళలో ఈదతా ఈదతా వచ్చి ఇక్కడ కూచున్నాయి. ఇంక లెయ్యవు."

గుడ్డులోంచి వచ్చిన పిల్ల రెండు మూడు వారాలు నీళ్ళలో తిరుగుతుంది. అప్పుడు దానికి చిన్న కాలు ఉంటుంది, కంటిచుక్క ఉంటుంది. గట్టి చోటు దొరికేదాకా ఆ కాలితో తడుముకుంటుంది. నచ్చిన చోట ఎడమచిప్పను బంకతో అతికించుకుంటుంది. ఆ తర్వాత కాలూ ఉండదు, కన్నూ ఉండదు, ఆ చోటు వదిలిపోవడమూ ఉండదు. తన జాతి చిప్పలంటేనే వాటికి ఎక్కువ ఇష్టం. అందుకే చిప్పమీద చిప్ప పెరిగి అట్లా దిబ్బలయిపోతాయి. ఆ సీసాముక్కను నేను తిరుపతికి తెచ్చుకుని కిటికీలో పెట్టుకున్నాను. వారానికే కంపు కొడుతోందని అమ్మ పారేసింది. ఆ రోజు అన్నం తినలేదు నేను.

పెద్దమ్మ ఒకసారి ఆలిని తిరుపతికి కూడా తెచ్చింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ జేజి మొహమే కనిపిస్తుంది. తడిపిన గోనెసంచిలో కట్టి, రెండు బస్సులు మారి మా ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ఆ రోజు శనివారం. మామూలు శనివారం కూడా కాదు, పెరటాశి శనివారం. మా తట్టు పెరటాశి శనివారాలంటే తెలిసిందే కదా. ఇల్లు కడిగి, నామాలు పెట్టుకుని, స్వామికి తళిగె వేసే రోజు. కోడిగుడ్డు కూడా గడప తొక్కదు. ఊళ్ళో బడి పనులతో, ఇంటి పనులతో పెద్దమ్మకు నెల గుర్తులేదు. జేజి గడపలోనే నిలబడిపోయింది.

"అత్తా, మతికి రాలేదు, పారేస్తా" అని పెద్దమ్మ సంచి ఎత్తబోయింది. కండ్లలో నీళ్ళు తిరుగుతున్నాయి ఆమెకు. జేజి సంచి వైపు చూసి, "చచ్చినియ్యా, బతికినియ్యా?" అని అడిగింది.

"బతికే ఉండాయి. తడి ఆరకుండా ఉంటే రెండు మూడు నాళ్ళు ఉంటాయి."

జేజి నమ్మలేదు. సంచి మూతి విప్పించి, ఒకటి కొంచెం నోరు తెరిచి ఉంటే చీపురుపుల్లతో దాని అంచు తాకింది. అది టక్కున మూసుకుంది. పుల్ల ఇరుక్కుపోయింది. జేజి చెయ్యి వెనక్కి తీసుకుని చాలాసేపు దాన్నే చూసింది. "బతికుండే జీవిని స్వామి దినం నాడు గడపలోంచి ఎల్లగొట్టకూడదు" అని సంచిని పెరట్లో నిమ్మచెట్టు నీడలో పెట్టించి, ఉప్పు కలిపిన నీళ్ళు తానే చల్లింది. సాయంత్రం ఇంకోసారి. రాత్రి పడుకోబోయే ముందర లాంతరు తీసుకుపోయి చూసొచ్చింది. ఆదివారం పెరట్లోనే పొయ్యి పెట్టి పెద్దమ్మ వండింది. జేజి తినలేదు. కానీ తిన్న తర్వాత మిగిలిన చిప్పలన్నీ కడిగి గోడవార ఆరబెట్టింది. "గుల్లసున్నానికి ఇవి పనికొస్తాయి కదా?" అని అడిగింది.

ఎందుకంటే ఆమెకు సున్నం అంటే ప్రాణం. తాంబూలం లేకుండా ఆమె ఒక పూట కూడా గడపలేదు. బజారులో దొరికే రాతిసున్నం ఆమెకు సరిపడదు, నోరు పొక్కేది. పెద్దమ్మే ఏడాదికి రెండుసార్లు డబ్బాలో గుల్లసున్నం పంపేది. పులికాట్ చుట్టుపక్కల పాతకాలం గుల్లలు నేలలోనే పొరలు పొరలుగా ఉండేవి. వాటిని తవ్వి, బట్టీలో గుల్లలు ఒక వరస, బొగ్గులు ఒక వరస పేర్చి కాల్చేవాళ్ళు. కాలిన గుల్ల చూడ్డానికి అట్లే ఉంటుంది, ఆకారం చెడదు. చెంబెడు నీళ్ళు పోస్తే మాత్రం బుసబుసమని పొగలు కక్కి, మన కళ్ళముందే విచ్చుకుని పిండి అయిపోతుంది. నేను ఒడ్డున కూచుని ఆ విచ్చుకోవడం చూసేదాన్ని. సంక్రాంతికి మా ఇంటి గోడలకు కొట్టిన సున్నం కూడా అక్కడిదే. చేత్తో రాస్తే గోడ నున్నగా, చల్లగా ఉండేది.

డిగ్రీలో జువాలజీ తీసుకున్నాను. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. ఎందుకు ఆ సబ్జెక్టు అని అడిగితే ఒకటే కారణం చెప్పలేను. కానీ లైబ్రరీలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళ పుస్తకంలో ఊదామచ్చ ఉన్న చిప్ప బొమ్మ చూసిన రోజు బాగా గుర్తుంది. కింద క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అని ఉంది. ప్రెస్టన్ 1916లో పెట్టిన పేరు అది. మద్రాసు! మా పెద్దమ్మ పెరట్లోని గంపకు ఇంత పెద్ద పేరుందా అని గుండె కొట్టుకుంది. ఊదామచ్చ దీనికి గుర్తు. లోపలి కండరం చిప్పను పట్టుకునే చోటు అది. పడమటి తీరంలో దీని దగ్గరి చుట్టం ఒకటి ఉంది, దానికి ఆ మచ్చ తెల్లగా ఉంటుంది. మద్రాసు చేపల శాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1910 ప్రాంతంలోనే పులికాట్‌లో వీటి పెంపకం గురించి ఆలోచించి ప్రయత్నాలు చేశాడని కూడా అక్కడే చదివాను. తర్వాత 1970ల్లో తూత్తుకుడిలో ఆ పని గట్టిగా మొదలైంది. పిల్లలు వచ్చి అతుక్కోవడానికి అక్కడ ఇంటి పెంకులకు సున్నం పూసి నీళ్ళలో పెట్టేవాళ్ళు. సున్నం పొర ఉంటే పిల్ల దెబ్బతినకుండా ఊడొస్తుంది. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. నీళ్ళు పోస్తే విచ్చుకునే ఆ గుల్లలు, గుల్లసున్నం, ఆ సున్నం మీద వచ్చి కూచునే పిల్ల.

పేర్ల పిచ్చి అప్పుడు పట్టుకుంది నాకు. కేరళ నుంచి వచ్చిన క్లాస్‌మేట్ ఒకమ్మాయి హాస్టల్లో "మా ఊళ్ళో దీన్ని మురింగ అంటాం" అంది. మురింగ అంటే మునక్కాయ కదా అన్నాను. అదీ మురింగే, ఇదీ మురింగే, కావాలంటే ఇది కడల్ మురింగ అంది. మరాఠీలో కాలవ అంటారు. మనకేమో చెరువులో దొరికి మామిడికాయ తొక్క తీసేదీ ఆల్చిప్పే, సముద్రంలో రాయిని కరుచుకునేదీ ఆల్చిప్పే, పాప కళ్ళూ ఆల్చిప్పలే. ముత్యం ఇచ్చేది మాత్రం వేరే, అది ముత్యపుచిప్ప, అసలు వేరే కుటుంబం. స్వాతి చినుకు పడి ముత్యమవుతుందని మనవాళ్ళు చెప్పుకునేది దాని గురించి. తినే ఆలిలో నగకు పనికొచ్చే ముత్యం దొరకదు. పెద్దమ్మ మాత్రం ప్రతి చిప్పా తెరిచాక వేలితో ఒకసారి తడిమి చూసేది. ఎందుకని అడిగితే, "చూస్తే ఏం పోతాది" అనేది.

ఇప్పుడు శాస్త్రవేత్తలు దాని పేరు మార్చారు. మగల్లాన బైలినియేటా. 1798లో రోడింగ్ వర్ణించిందీ ఇదీ ఒకటేనని తేల్చి, పాత పేరునే నిలబెట్టారు. మద్రాసు పోయింది. నాకు కొంచెం బాధనిపించింది.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా పెదనాయన పోయాడు. గుండెనొప్పి, ఆసుపత్రికి తీసుకుపోయే వ్యవధి కూడా దొరకలేదు. పెద్దమ్మకు నలభై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. తిరుపతికి వచ్చెయ్యమని అమ్మ, నాన్న ఎంత చెప్పినా వినలేదు. ఆ ఊళ్ళోనే ఉండి, కుట్టుమిషను పెట్టి, సందేళ పిల్లలకు చదువు చెప్పి, ఇద్దర్నీ ఒడ్డెక్కించింది. గంపలు కొనడం మానేసింది. నేను పోయినప్పుడు మాత్రం పక్కింటక్కను అడిగి తెప్పించేది. తనకు పెట్టుకోకుండా నా సంగటిలోనే అంతా పెట్టేది. వేపచెట్టు కింద నులకమంచం అట్లే ఉండేది. ఎవరూ దానిమీద కూచునేవాళ్ళు కాదు.

చివరి నాలుగేళ్ళు ఆమె తిరుపతిలో మా ఇంట్లోనే ఉంది. మోకాళ్ళు పట్టేశాయి, చూపు తగ్గింది. ఒకరోజు మధ్యాహ్నం బీరువా సర్దుతుంటే చిప్ప కనపడితే తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ముట్టుకోగానే గుర్తుపట్టింది. "యాడిదే ఇది?"

"నువ్విచ్చిందే పెద్దమ్మా. నేను పదోక్లాసు పాసైనప్పుడు."

ఆమె చెప్పిన ఆలీ మొగుడూ కథ గుర్తుచేశాను. ఆమె మర్చిపోయింది. అప్పుడు చెప్పాను, ఇన్నేళ్ళూ ఆమెకు చెప్పాలనుకుని చెప్పలేకపోయిన సంగతి. ఈ ప్రాణుల్లో చాలావరకు మొదట మగవిగా ఉంటాయి. వయసు వచ్చేకొద్దీ అవే ఆడవవుతాయి. ఒకే ప్రాణి మొగుడూ అవుతుంది, ఆలీ అవుతుంది. చిప్పలు రెండైనా లోపలున్నది ఒకటే.

పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. బొటనవేలితో చిప్ప లోపలి గుంటను, ఆ ఊదామచ్చను తడుముతా ఉంది.

"అట్నా? మరి నేనూ అంతే కదా" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆమె ఏడవలేదు. తమలపాకు అడిగింది. నేను తెచ్చిన ట్యూబులోంచి సున్నం కొంచెం గోటికి తీసుకుని వాసన చూసి, పక్కన పెట్టేసింది. ఉత్త వక్కే నమిలింది.

తర్వాత చిప్పను ఎడమ అరచేతిలో బోర్లించి, కుడిచేతి బొటనవేలితో సన్నటి మొదలు దగ్గర ఏదో వెతికింది. రెండు చిప్పలు కలిసే కీలు ఉండే చోటు అది. కత్తి దూర్చే చోటు. దొరికినట్టుంది, వేలు అక్కడే ఆగింది.

"రేపు అక్కను అడిగి ఒక గంప తెప్పించు" అంది. పక్కింటక్క పోయి అప్పటికి ఆరేళ్ళు.

"తెప్పిస్తా పెద్దమ్మా" అన్నాను.